చేతులుంచి పంపినది ఎవరిని?

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో ఒక తగవు ఉంది. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు దాన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేదు, అలాగని వాక్యపరిచర్య వదిలి తామే వడ్డనకు దిగనూ లేదు. మంచి పేరున్న ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. స్తెఫను, ఫిలిప్పు, తక్కిన అయిదుగురు, అందరివీ గ్రీకు పేర్లే. లోటు జరిగిన వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించారన్నమాట. ఆ తరువాత ప్రార్థన చేసి వాళ్ల మీద చేతులుంచారు.

ఎప్పుడు చదివినా నేను ఆ చేతులుంచడం దగ్గరే ఆగిపోతాను. అన్నం పంచే పనికి అంత ప్రార్థన చేశారు. మన సంఘాల్లో కాపరికి చేతులుంచుతాం, ఉపదేశికి చేతులుంచుతాం. రాత్రి డ్యూటీ ముగించుకుని నిద్రకళ్లతోనే ఆరాధనకు వచ్చే నర్సుకు గాని, పేటలో అందరి మోటార్లూ బాగుచేసే కుర్రాడికి గాని ఆ భాగ్యం ఉండదు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు మరోలా చెబుతాడు. కాపరులను, ఉపదేశకులను దేవుడు ఇచ్చింది విశ్వాసులను పరిచర్యకు సిద్ధపరచడానికేనట. అంటే పరిచర్య చేయవలసింది బల్లల మీద కూర్చున్నవాళ్లు. వాళ్లను తయారుచేయడం ముందు నిలబడ్డవాళ్ల పని.

తెలుగు నేల మీద ఈ మాటను అక్షరాలా ఆచరణలో పెట్టిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, చివరిదాకా ఇక్కడే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. చదువు లేదు, సొంత పొలం లేదు, ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. అలాంటివాళ్లకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అజరయ్య ఒక ఆనవాయితీ పెట్టారు. కొత్త విశ్వాసి తన చేతిని తన తలమీద పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన మాటను తన నోట పలకాలి. ఊరు అంటరానిదని వెలివేసిన చేయి అది. దాన్నే ఆయన అభిషేకపు చేయిగా చేశారు. నిన్నటిదాకా ఇతరుల దయ కోసం చూసినవాడు ఆ పూటనుంచి ఇతరులకు ఏదో ఇవ్వవలసినవాడయ్యాడు. మనిషిని సేవకు సిద్ధం చేయడంలో మొదటి పాఠం, నీ దగ్గర ఇవ్వదగినది ఉందని అతన్ని నమ్మించడమే కదా.

అయితే మాట పలికించి వదిలేస్తే సరిపోదని ఆయనకు తెలుసు. పల్లెల్లో గుడి, బడి రెండూ నడిపే ఉపదేశులకు డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చేవారు. వాళ్ల భార్యలకు కూడా నేర్పేవారు. ఇందులో బిషప్ భార్య అన్బు మరియమ్మాళ్ శ్రమ చాలా ఉంది. డోర్నకల్ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. గూడెంలోకి ఒక్క బోధకుడు కాక ఒక కుటుంబం వెళ్లి కాపురం పెట్టింది. ఆ ఇల్లాలు బిడ్డకు ఎలా నీళ్లు పోస్తోందో, ఆ మగవాడు కల్లు దుకాణానికి పోకుండా ఎలా ఉంటున్నాడో, కూతురిని కూడా పలక పట్టించి ఎందుకు కూర్చోబెడుతున్నాడో చుట్టూ ఇళ్లవాళ్లు రోజూ చూశారు. ప్రసంగం విని మరిచిపోవచ్చు, పక్కింటి బతుకును మరిచిపోవడం కష్టం.

ఇక ఖర్చుల సంగతి. వండే ముందు ప్రతి ఇల్లాలూ సోలెడో తవ్వెడో కొలిచి, అందులోంచి పిడికెడు బియ్యం దేవునికని వేరే కుండలో వేసేది. కూలికి పోయే ఇంట్లో పిడికెడు తక్కువేమీ కాదు. ఇవ్వడం గురించి అజరయ్య ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. పేదవాళ్ల దగ్గర కానుక అడగడం అన్యాయమనే వాదనకు ఆయన లొంగలేదు. అడగకపోతే వాళ్లను ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లుగానే ఉంచేస్తామని ఆయన భావన. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షమే.

1945 జనవరి 1న ఆయన కన్నుమూసే నాటికి డయోసిస్‌లో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. గూడెంలో వచ్చిన మార్పు చూసి ఊళ్లోని ఇతర కులాల కుటుంబాలు కూడా కొన్ని సంఘంలోకి వచ్చాయని ఆనాటి పరిశీలకులు రాశారు. అన్నీ చక్కబడలేదు. మాల, మాదిగల మధ్య ఎడం గుడిలోకీ వచ్చింది, ఇవాళ్టికీ పోలేదు. ఆ లోటును చెప్పకుండా డోర్నకల్‌ను పొగడడం నాకిష్టం లేదు.

ఇలాంటి సేవలో ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని ఒంగోలు నుంచి నేర్చుకోవాలి. 1876–78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయనకు సర్వే పని ముందే తెలుసు. తన తెలుగు బోధకులను ఆయన పని మీద మేస్త్రీలుగా పెట్టారు. వేల మందికి కూలి దొరికింది. కాని కరువు సాగినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. కూటికోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తేలాలని ఆగారు. కరువు తగ్గాకనే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆకలిమీద ఉన్నవాడి ముందు అన్నానికీ మతానికీ ముడిపెట్టకూడదని ఆ ఎదురుచూపు చెబుతుంది. ఇరుగుపొరుగుకు సేవ చేయాలనుకునే ప్రతి సంఘమూ తన సభ్యులకు ముందుగా నేర్పవలసిన క్రమశిక్షణ ఇదే అంటాను.

ఇప్పుడు మన సంఘాలను చూస్తే, పాడడం నేర్పుతున్నాం, ప్రార్థన నడిపించడం నేర్పుతున్నాం, కీబోర్డూ సౌండు సిస్టమూ కూడా నేర్పుతున్నాం. పక్కవీధిలో పక్షవాతం వచ్చిన ముసలాయనను పుండ్లు పడకుండా ఎలా పక్కకు తిప్పాలో నేర్పడం లేదు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి ఫొటో దిగడం తేలికే. వితంతు పింఛను కాగితం ఎక్కడ ఆగిందో కనుక్కుని ఆమెతో పాటు ఆఫీసుకు రెండుసార్లు తిరగడానికి ఓపిక కావాలి, కాస్త తెలివిడీ కావాలి. ఆ తెలివిడి సంఘంలోనే ఉంది. రిటైరైన గుమాస్తా ఉన్నాడు, ఆశా కార్యకర్త ఉంది, టీచర్లు ఉన్నారు. ఆదివారం వాళ్ల చేత కానుకల లెక్క తప్ప మరేమీ చేయించడం లేదు.

కోత పండుగకు గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం బస్తాలు వేలం వేస్తాం. ఈసారి ఆ సొమ్ములో ఒక వంతు పక్కన పెట్టి, ఆరాధన అయ్యాక నెలకో తరగతి మొదలుపెట్టమని కాపరులను, సంఘ పెద్దలను అడుగుతున్నాను. పాము కరిస్తే గాయం కోయకుండా, నోటితో పీల్చకుండా వెంటనే ఆసుపత్రికి ఎలా చేర్చాలో సంఘంలోని నర్సు చెప్పవచ్చు. షుగరు ఉన్నవాళ్ల పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పవచ్చు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపడం టీచరు నేర్పవచ్చు. గుడికి రానివాళ్లనూ రమ్మనాలి, వచ్చినవాళ్లకు కరపత్రం చేతిలో పెట్టకూడదు. నేర్చుకున్నవాళ్లలో ఇద్దరికి వీధి బాధ్యత అప్పగించేటప్పుడు, పేర్లు పిలిచి, సంఘమంతా లేచి నిలబడి, వాళ్ల మీద చేతులుంచి ప్రార్థన చేయాలి.