షూనేమీయురాలి గదిలో నాలుగు వస్తువులు

ధ్యాన భాగము: 2 రాజులు 4:8–37



మన గ్రామములలో అనేక కుటుంబములు పాక విడిచి క్రొత్త ఇండ్లు కట్టుకొనుచున్నవి. వారికి మా యింటి సంగతి యొకటి చెప్పవలెనని చాలకాలముగా తలంచుచున్నాము. చెప్పుటకు సిగ్గుగానున్నను, కాపరి సిగ్గు సంఘమునకు మేలు చేయునెడల దానిని దాచుట తగదు.

మేము ఇల్లు కట్టుకొన్నప్పుడు ఎండ లోనికి చొరకుండునట్లు కట్టవలెనని కోరితిమి. లారీ బేకరు అను శిల్పి 1917లో ఇంగ్లండు దేశములోని బర్మింగ్‌హాములో పుట్టి, 1945లో కుష్ఠరోగుల ఆసుపత్రులు కట్టుటకై మన దేశమునకు వచ్చిన విశ్వాసి. ఆయన కేరళలో పేదలకు తక్కువ ఖర్చుతో ఇండ్లు కట్టి, 2007లో అక్కడనే ప్రభువునందు నిద్రించెను. ఆయన వ్యాప్తిలోనికి తెచ్చిన కట్టుబడి ప్రకారము మా మేస్త్రి ఇటుకలను పరుండబెట్టక అంచు మీద నిలిపి, గోడ నడుమ ఖాళీ విడిచి కట్టెను. ఆ ఖాళీలో నిలిచిన గాలి వేడిని ఆపును. ఇటుకలలో దాదాపు నాలుగవ వంతు మిగులును. డాబాకు తెల్లసున్నము రెండు పూతలు వేయించితిమి. ఎదురెదురుగా కిటికీలు పెట్టించితిమి.

లోపలి పని ముగియకముందే ఫిబ్రవరిలో ఇంట చేరితిమి. గోడపూత చేయించి, అది ఆరువరకు కిటికీలు తెరచియుంచితిమి. చెమ్మ నిలిచిన గోడకు బూజు పట్టును గదా! లేవీయకాండము 14వ అధ్యాయములో యాజకుడు ఇంటి గోడలమీది మచ్చలను చూచి, ఆ ఇంటిని ఏడు దినములు మూసియుంచి, అవసరమైతే పూత గీకించి క్రొత్త పూత పూయించవలెనని వ్రాయబడియున్నది. మన దేవుడు గోడపూతను కూడ పట్టించుకొనువాడు. డెబ్బదియైదు వాట్ల పాత ఫ్యానులకు బదులు ముప్పది వాట్లవి, అరువది వాట్ల బల్బులకు బదులు తొమ్మిది వాట్లవి బిగించితిమి. కడపట వరండాలో ఎర్రగచ్చు చేయించి, మడికట్టి నీళ్లు నిలిపి, ఆరిన తరువాత కొబ్బరినూనె పెట్టి రుద్దితిమి. అది అద్దమువలె మెరసెను. మా హృదయము దానికి అంటుకొనెను.

మే నెల వచ్చెను. మా వీధి చివర సిమెంటు రేకుల ఇంటిలో మన సంఘపు వృద్ధ దంపతులున్నారు. పెద్దాయన ఆయాసముతో మంచము పట్టియుండెను. ఒక మధ్యాహ్నము ఆ తల్లి మా గడపయొద్ద నిలిచి, "అయ్యగారూ, రేకుల కింద ఆయన ఉడికిపోతున్నాడు. పగటిపూట మీ వరండాలో ఓ మూలన పడుకోబెట్టుకోనా?" అని అడిగెను.

మేము గచ్చువైపు చూచితిమి. "గచ్చు ఇంకా గట్టిపడలేదమ్మా. పదిరోజులు ఆగు, చూద్దాం" అంటిమి. అది పూర్తిగా అబద్ధము కాదు. పూర్తిగా నిజమును కాదు. ఆమె "అలాగేనయ్యగారూ" అని కొంగు తలమీదికి లాగుకొని ఎండలోనికి వెళ్లిపోయెను.

ఆ సాయంత్రము కుటుంబ ప్రార్థనలో వరుసగా చదువుకొను భాగము రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయము. షూనేమీయురాలు తన పెనిమిటితో మాటలాడి, దారినపోవు దైవజనునికొరకు మేడమీద చిన్న గది కట్టించి, అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచినదని చదివి మా ధర్మపత్ని ఆగిపోయెను. కొంతసేపటికి, "ఆ నాలుగూ మనింట్లో ఉన్నాయి గదండీ" అని మెల్లగా అనెను. మాకు ప్రార్థన నోట రాలేదు. టార్చిలైటు తీసుకొని ఆ రాత్రియే వెళ్లి, పెద్దాయనను నులకమంచముతో కూడ నలుగురము మోసికొని వచ్చితిమి. వరండాలో దింపునప్పుడు మంచపు కోడు గచ్చును గీచెను. ఆ గీత జానెడు పొడవు.

ప్రియులారా, షూనేమీయురాలు ఘనురాలు. ఆమెకు తన గదిని తనకే అలంకరించుకొను స్తోమత యుండెను. అయితే ఆమె అమర్చిన నాలుగు వస్తువులును ఇతరుని అలసట నెరిగి అమర్చినవి. అలసినవానికి మంచము, భుజించుటకు బల్ల, కూర్చుండుటకు పీట, చీకటికి దీపము. ప్రవక్త ఆమెకేమి చేయవలెనని అడిగినప్పుడు తనకేమియు కొదువలేదన్నట్లే ఉత్తరమిచ్చెను. బదులు కోరి ఆమె ఆ పని చేయలేదు. అయినను తన ఒక్కగానొక్క కుమారుడు ఒడిలో మరణించిన దినమున, ఆమె వానిని ఎత్తుకొనిపోయి ఆ మంచముమీదనే పరుండబెట్టెను. దేవుడు వానికి ప్రాణము పోసినదియు ఆ గదిలోనే.

ఊడ్చి అమర్చబడినను ఖాళీగా నుండిన యింటిని గూర్చి ప్రభువు హెచ్చరించెను (మత్తయి 12). మా యిల్లు ఎండను బయట నిలిపినది; మేము ఆ తల్లినికూడ ఎండతోపాటు బయటనే నిలిపితిమి. దేవుడిచ్చిన చల్లదనమును గోడలలో దాచుకొంటిమి.

తొలకరి వానలు పడువరకు పెద్దాయన మా వరండాలోనుండెను. అటుతరువాత మన యౌవనస్థులు ఆయన రేకులను కడిగి తెల్లసున్నము రెండు పూతలు వేసిరి. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినప్పుడు చెప్పినదియు ఇటువంటి సంగతియే: ఎండను వెనుకకు మళ్లించు కప్పు క్రింద మనిషి బ్రతుకును. సున్నము బస్తా ఖరీదు స్వల్పము. నిచ్చెన ఎక్కు మనస్సు కావలెను. ఇప్పుడు పెద్దాయన చేతికర్ర పట్టుకొని ఆదివారపు ఆరాధనకు వచ్చుచున్నాడు.

కాబట్టి ఇంటి లోపలి పని ముగించుచున్న ప్రియులారా, మేస్త్రికి కూలి లెక్క చూచునప్పుడు, ఎవరికొరకు ఒక మంచము వేయుదుమని కుటుంబముతో కూర్చుండి ఆలోచించుడి. గృహప్రతిష్ఠకు మమ్మును పిలిచినయెడల ముందుగా ఆ మంచము చూపుడి. గచ్చు నునుపు తరువాత చూచెదము.

మేస్త్రి మా వరండాలోని గీతను పూడ్చెదనని రెండుమారులు వచ్చెను. వద్దని పంపివేసితిమి.

ప్రభువు మీ గృహములలోనికి వచ్చి, తన జనులతోకూడ వాటిలో నివసించును గాక. ఆమేన్.