మిగిలింది ఎవరిది?

తొలి నక్షత్రాలు వెలిగిన కాలపు హైడ్రోజన్ జాడ రేడియోలో పట్టాలంటే, దానికి వేల రెట్లున్న మన పాలపుంత రొదను లెక్కగట్టి తీసెయ్యాలి. సరే, తీసేశాక మిగిలింది ఆకాశానిదా, మన యాంటెన్నాదా?

2018లో ఆస్ట్రేలియా ఎడారి నుంచి ఎడ్జెస్ బృందం 78 మెగాహెర్ట్జ్ దగ్గర గ్రాఫులో ఒక గుంట చూపించింది. ఊహించినదానికి రెట్టింపు పైనే లోతు. కృష్ణపదార్థం మీద సిద్ధాంతాలు క్యూ కట్టాయి. వాళ్లు అబద్ధమాడారని కాదు. యాంటెన్నా దిక్కు తిప్పి మరీ సరిచూసుకున్నారు. కానీ తన కాళ్ల కింది నేలను పూర్తిగా అనుమానించడం ఎవరి తరం?

బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థ వాళ్లు, నేల పొరల ప్రభావం తప్పించడానికి, 2020లో తమ సరస్-3ని కర్ణాటకలో నీళ్ల మీద తేలించారు. గుంట కనబడలేదు. ‘లేదు’ అనడానికి ఇంత శ్రమా అంటే, అవును, ఇంతా. పైగా 2022లో వాళ్లు రాసింది అసలు సంకేతమే లేదని కాదు. ఆ ఆకారంలో లేదని, 95 శాతం నమ్మకంతో.