పిలిచినవారి ధర్మము

దేహములో బాధ లేనప్పుడు వైద్యపరీక్షకు పోవుట అవసరమా? ఈ ప్రశ్న చిన్నదిగ కనబడును గాని, ఇందులో ధర్మసూక్ష్మ మొకటి ఇమిడి యున్నది. రక్తపుపోటు, మధుమేహము, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మొదటి దశలో చాలామందికి నొప్పిని కలిగింపవు. అందువలన ముప్పది యేండ్లు దాటినవారిని ముందుగనే పరీక్షించుటకు భారత ప్రభుత్వము 2016లో మార్గదర్శకములు వెలువరించినది. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్షను ఎన్నడైనను చేయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ఇద్దరే.

రానివారిని అజ్ఞానులని నిందించుట సులభము. గుడివాడ ప్రాంతమున వరినాట్లకు పోవు స్త్రీ స్థితిని ఒక్కసారి తలచి చూడవలెను. శిబిరమునకు పోయినచో ఆనాటి కూలి పోవును. పరీక్షించువారు పురుషులేమో యని సిగ్గు. వ్యాధి బయటపడినచో ఆసుపత్రికి తోడు వచ్చు వారెవరని దిగులు. నలుగురికి తెలిసినచో కుమార్తె పెండ్లికి ఆటంక మగునేమో యని భయము. ఇందులో మూఢత్వ మేమున్నది? ఆమె లెక్క ఆమెకున్నది. ఆ లెక్కను మార్చవలసిన భారము మొదట పిలిచినవారిపైననే పడును.

ఈ సత్యమును దివిసీమ ఎంతో వెల చెల్లించి నేర్చుకొన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన ఆ సీమను ముంచినప్పుడు, ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది అసువులు బాసిరి. 1990 మే 9న మరియొక పెనుతుపాను కృష్ణానది సాగరసంగమ సమీపముననే తీరము దాటినది. ఆ పర్యాయము మృతులు వేయిమందిలోపే. ఈ పదమూడేండ్లలో ప్రజలకు ప్రాణముపై ప్రీతి పెరిగినదని కాదు. హెచ్చరికలు మెరుగుపడినవి, తుపాను ఆశ్రయ భవనములు లేచినవి, అధికారులు లక్షలమందిని ముందుగనే తరలించిరి. పొమ్మని చెప్పుట వేరు. పోవుటకు చోటు చూపుట వేరు.

ఆరోగ్యపరీక్షయు కంటికి కనబడని ఉప్పెనను గూర్చిన హెచ్చరికయే. మహారాష్ట్రమున నేడు ధారాశివ్‌గా పిలువబడు ఉస్మానాబాద్ జిల్లా పల్లెలలో జరిగిన అధ్యయన ఫలితములు 2009లో వెలువడినవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమగు వైరస్‌ను కనుగొను పరీక్షకు అచ్చట పిలువబడిన స్త్రీలలో ఐదుగురిలో సుమారు నలుగురు వచ్చిరి. అవసరమైనవారికి చికిత్సయు జరిగినది. పరీక్ష చేయని వర్గముతో పోల్చిచూడగా, ఒక్కమారు పరీక్షతోనే ఆ క్యాన్సరు మరణములు దాదాపు సగమునకు తగ్గినవి.

బసవేశ్వరుడు దేహమును దేవాలయముగ దర్శించెను. ఇష్టలింగమును ధరించు దేహమును, కాయకమునకు ఆధారమైన దేహమును ఉపేక్షించుట భక్తి కానేరదు. ఫలితము తెలియునేమో యన్న భయముతో కన్నులు మూసికొనుటయు వివేకము కాదు. కాని ఈ బోధను కూలిస్త్రీకి మాత్రమే వినిపించినచో అది సగము బోధయే యగును. తక్కిన సగము దాసోహము.

శిబిరమునకు తిథి నిర్ణయించునప్పుడు నాట్లు, కోతలు ముగిసిన దినములను చూడవలెను. స్త్రీలను పరీక్షించుటకు స్త్రీలే ఉండవలెను. అనుమానము తేలినంత మాత్రమున వ్యాధి యున్నట్లు కాదని ముందే చెప్పవలెను. ఫలితమును గోప్యముగ నుంచవలెను. పెద్దాసుపత్రికి పోవలసినవారి వెంట ఒకరు పోవలెను. ఆనాడు వారి ఇంట పొయ్యి వెలుగునట్లు చూడవలెను. ఇంత చేసినను వలదన్నవారిని బలవంతపెట్టరాదు. వారి దేహముపై అధికారము వారిదే.

శిబిరమునకు ఎందరు వచ్చిరని లెక్కించుట వాడుక. అనుమానము తేలినవారిలో ఎందరి చేతిని చికిత్స ముగియువరకు విడువకుంటిమని లెక్కించుట ధర్మము. ఆ రెండవ లెక్క సరిగనున్న ఊరిలో మొదటి లెక్క తానే పెరుగును.