ఎలుకలు లేని తపస్సు: అమూర్త చిత్రకళలో మార్జాల సంకేతం

ప్రస్తావన

కొన్ని సంకేతాలకు అర్థం చాలావరకు స్థిరపడి ఉంటుంది. హంస అనగానే వివేకం, పద్మం అనగానే నిర్లిప్తత సాహిత్య విద్యార్థికి స్ఫురిస్తాయి. పిల్లి విషయం అలా కాదు. శ్రీవైష్ణవ సిద్ధాంతంలో అది భగవంతుని నిర్హేతుక కృపకు ఉపమానం. స్మృతి వాఙ్మయంలో కపట ధార్మికునికి పెట్టిన పేరు 'బైడాలవ్రతికుడు'. ఒకే జంతువు శరణాగతికీ దంభానికీ గుర్తుగా నిలిచింది. రూపాన్ని సడలించి, లేదా పూర్తిగా విడిచి, ఆధ్యాత్మికానుభవాన్ని అందించదలచిన అమూర్త చిత్రకళలోకి పిల్లి ప్రవేశించినప్పుడు ఈ ద్వంద్వం నైతిక ప్రశ్నగా మారుతుంది. నిశ్చలంగా ఉన్న ఆకృతిని చూసి అది ధ్యానమో, పొంచివుండడమో ఎలా నిర్ణయించాలి? ఆ నిర్ణయం చేసే అర్హత ఎవరిది? సంకేతంగా మారిన ప్రాణికి మనం ఏమైనా రుణపడి ఉన్నామా? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే భంగిమ, రెండు అర్థాలు

మామల్లపురంలోని 7వ శతాబ్దపు మహాశిల్పంలో ఒక తపస్వి చేతులు పైకెత్తి, ఒంటికాలిపై నిలిచి ఉంటాడు. ఆయన అర్జునుడా, భగీరథుడా అన్న చర్చ పండితులలో ఇప్పటికీ ఉంది. అదే శిలపై కింది భాగంలో ఒక పిల్లి వెనుకకాళ్ళపై నిలబడి, ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు నటిస్తుంది. దాని చుట్టూ ఎలుకలున్నాయి. పైనున్న తపస్వి ఎత్తిన చేతులనే కిందనున్న పిల్లి అనుకరిస్తోంది. అక్కడ ఎలుకలను చెక్కకపోయి ఉంటే, ఆ పిల్లిని కపటిగా గుర్తించే ఆధారం చూపరికి ఉండేది కాదు. దంభానికి సాక్ష్యం పిల్లి దేహంలో లేదు. దాని పరిసరంలో ఉంది.

ఈ శిల్పానికి మూలమని భావించే కథ సంస్కృత మహాభారతం ఉద్యోగపర్వంలో ఉంది. గంగాతీరంలో ఊర్ధ్వబాహువై నిలిచిన పిల్లిని నమ్మి ఎలుకలు దాని రక్షణలో చేరతాయి. అది వాటిని ఒక్కొక్కటిగా తింటుంది. అయితే ఈ కథ చెప్పినది ఎవరు, ఎవరికి అన్న అంశం కథకన్నా ముఖ్యమైనది. ఉలూకుని దూతగా పంపుతూ దుర్యోధనుడు ధర్మరాజుకు ఈ కథ వినిపించమంటాడు. అంటే కపటాన్ని బయటపెట్టే కథను కపటి ప్రయోగిస్తున్నాడు. నిందకు గురైనవాడు ధర్మపరుడు. కథలోని నీతి సత్యమే కావచ్చు, దాని అన్వయం అసత్యం. ఎదుటివాని నిశ్చలతను దంభమని ముద్రవేయడం కూడా ఒక నైతిక చర్యేనని, దానికీ బాధ్యత ఉంటుందని ఈ సన్నివేశం హెచ్చరిస్తుంది. అమూర్త చిత్రాన్ని చూసి 'ఇందులో ఏమీ లేదు, అంతా నటన' అని తీర్పు చెప్పే విమర్శకుడు ఈ హెచ్చరికను తనకు అన్వయించుకోవాలి.

దీనికి ఎదుట నిలిచేది మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొంటుంది. పిల్లికూనను తల్లే నోట కరచుకొని తీసుకుపోతుంది. మొదటిది వడకలై వారికి, రెండవది తెంకలై వారికి మోక్షసాధన విషయంలో ఉపమానమైంది. ఎలుకను చంపే దంతాలే కూనను గాయపరచకుండా మోస్తాయి. కృపకూ హింసకూ ఉపకరణం ఒకటే అయినప్పుడు, భేదాన్ని నిర్ణయించేది ఆ నోటిలో ఉన్నది ఎవరన్న విషయమే.

అమూర్తీకరణలో తొలగిపోయేది

అమూర్త చిత్రకారుడు మొదట తొలగించేది పరిసరాన్నే. నేల, గోడ, పాలగిన్నె, ఎలుక అన్నీ పోయి రేఖ, వర్ణం, లయ మిగులుతాయి. భారతీయ ఆధునిక చిత్రకళలో ఆధ్యాత్మిక అమూర్తతకు ప్రసిద్ధ ఉదాహరణలు సయ్యద్ హైదర్ రజా బిందు చిత్రాలు. మన ప్రాంతంలో పాకాల తిరుమల్ రెడ్డి తాంత్రిక సంకేతాలను ఆధునిక చిత్రభాషలోకి తెచ్చారు. బిందువు, త్రికోణం వంటివి శాస్త్రంలోనే జ్యామితీయ రూపాలు. అవి అమూర్తం కావడానికి దేన్నీ పోగొట్టుకోనక్కరలేదు. పిల్లి అలాంటిది కాదు. దానికి వెన్నెముక ఉంది, ఆకలి ఉంది, ఒక ప్రత్యేకమైన నడక ఉంది. అది అమూర్తం కావాలంటే దేహాన్ని వదులుకోవాలి.

ఇక్కడ ధ్వనిసిద్ధాంతం ఉపకరిస్తుంది. వెలుగు కోరేవాడు దీపశిఖ విషయంలో శ్రద్ధ వహించినట్లే, వ్యంగ్యార్థాన్ని కోరేవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలని ఆనందవర్ధనుని అభిప్రాయం. వాచ్యం సాధనం, వ్యంగ్యం సాధ్యం. సాధనం లేనిదే సాధ్యం లేదు. ఈ దృష్టితో చూస్తే పిల్లి రూపం పూర్తిగా లోపించి, శీర్షికలో మాత్రమే పిల్లి మిగిలిన చిత్రంలో దీపం ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు వాచ్యత్వం శీర్షికకూ, చిత్రం పక్కన ఉంచిన వివరణ పత్రానికీ బదిలీ అవుతుంది. వర్ణం చేయవలసిన పనిని వాక్యం చేస్తుంది. 'గోడమీది పిల్లి' అని మనం ఎటైనా దూకగల అవకాశవాదిని అంటాం. నడవడిలో దోషమైన ఈ అనిశ్చితి కళలో గుణం కావచ్చు. కాని అది చిత్రం లోపలినుంచి పుట్టాలి. ప్రశ్న వచ్చినప్పుడు తప్పుకోవడానికి వీలుగా ఉంచుకొన్న అనిశ్చితి కళలోనూ దోషమే.

క్లే: దాచని ఆకలి

జర్మనీలోని డెస్సావ్‌లో బౌహౌస్ కళాశాలలో బోధిస్తున్న కాలంలో, 1928లో పాల్ క్లే 'పిల్లి, పక్షి' అన్న చిత్రం వేశాడు. ఇప్పుడది న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. చిత్రఫలకాన్ని దాదాపు పూర్తిగా పిల్లి ముఖమే ఆక్రమిస్తుంది. ముక్కుకొన హృదయాకారంలో ఉంటుంది. రెండు కళ్ళ మధ్య, నుదుటిపై ఒక చిన్న పక్షి. పిల్లి దేన్ని గురించి ఆలోచిస్తోందో మనకు అక్కడే కనిపిస్తుంది. రూపం పూర్తిగా లోపించలేదు కనుక దీన్ని శుద్ధ అమూర్తమనలేము. అమూర్తతవైపు నడిచిన చిత్రమనడం సమంజసం.

19వ శతాబ్దంలో కలకత్తాలోని కాళీఘాట్ పటచిత్రకారులు నుదుట తిలకం, నోట రొయ్య ఉన్న పిల్లిని చిత్రించి కపట భక్తులను పరిహసించారు. క్లే చిత్రంలో తిలకం ఉండవలసిన చోట పక్షి ఉంది. ఈ రెండింటి మధ్య ప్రభావ సంబంధాన్ని ఇక్కడ ప్రతిపాదించడం లేదు, పోలికే ప్రయోజనకరం. కాళీఘాట్ పిల్లిలో పవిత్ర చిహ్నం ఒకచోట, ఆకలి మరొకచోట ఉన్నాయి. ఆ దూరమే దంభం. క్లే పిల్లిలో రెండూ ఒకేచోట కలిశాయి. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. దాచినది ఏమీ లేదు. ఏకాగ్రత ఉన్నంత మాత్రాన ధ్యానం పవిత్రం కాదు, ధ్యేయాన్ని బట్టి దాని విలువ నిర్ణయమవుతుందని ఈ చిత్రం సూచిస్తుంది. మామల్లపుర శిల్పి ఎలుకలను పిల్లి చుట్టూ చెక్కాడు. క్లే పక్షిని పిల్లి లోపలే ఉంచాడు. పరిసరాన్ని తొలగించినా సాక్ష్యాన్ని తొలగించలేదు. ఈ చిత్రం నిజాయితీ అందులోనే ఉంది.

మార్క్: స్వచ్ఛత అనే భారం

వాసిలీ కాండిన్‌స్కీ కళలోని ఆధ్యాత్మికతపై తన గ్రంథాన్ని వెలువరించిన 1911వ సంవత్సరంలోనే, ఆయనతో కలిసి ఫ్రాంజ్ మార్క్ 'నీలి రౌతు' బృందాన్ని ప్రారంభించాడు. అంతకుముందు 1910 డిసెంబరులో మిత్రుడు ఆగస్ట్ మాకేకు రాసిన లేఖలో మార్క్ నీలాన్ని పౌరుషమయమైన ఆధ్యాత్మిక తత్త్వానికి, పసుపును మృదువైన స్త్రీ తత్త్వానికి, ఎరుపును స్థూల పదార్థానికి గుర్తులుగా పేర్కొన్నాడు. 1912లో ఆయన నీలం, పసుపు రంగుల్లో రెండు పిల్లులను చిత్రించాడు. ఆ లేఖను నిఘంటువుగా వాడి ఈ చిత్రాన్ని చదివితే నీలిపిల్లి ఆత్మ, పసుపుపిల్లి మార్దవం అని రెండు మాటల్లో వ్యాఖ్యానం ముగుస్తుంది. అప్పుడు అవి పిల్లులు కానక్కరలేదు. రెండు రంగుచుక్కలైనా సరిపోతాయి.

మార్క్ ఆకాంక్ష అంతకన్నా పెద్దది. గుర్రానికీ, గద్దకూ, లేడికీ, కుక్కకూ లోకం ఎలా కనిపిస్తుందన్నది ఆయన ప్రశ్న. జంతువులను మన కళ్ళకు కనిపించే దృశ్యంలో నిలబెట్టడం ఆత్మలేని సంప్రదాయమని ఆయన భావించాడు. కాని 1915లో యుద్ధరంగం నుంచి భార్యకు రాసిన లేఖలో ఆయన మరొక సంగతి చెప్పాడు. తొలినాళ్ళలోనే మనుషులు వికారంగా తోచడంవల్ల జంతువులలో స్వచ్ఛతను వెదికానని, తరువాత వాటిలోనూ వికారం కనిపించడంతో తన చిత్రణ మరింత అమూర్తమైందని ఆ లేఖ సారాంశం. 1914 నాటి కొన్ని చిత్రాలలో జంతువు కనిపించదు. రంగుల సంఘర్షణే మిగిలింది. 1916 మార్చి 4న వెర్డన్ వద్ద ఆయన మరణించాడు.

ఈ పరిణామంలో ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మనిషిలో కరవైన స్వచ్ఛతను మోసే భారం మొదట జంతువుపై పడింది. అది జంతువు కోరుకొన్న భారం కాదు. మోయలేకపోయినప్పుడు చిత్రంనుంచి తొలగవలసి వచ్చింది. 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అన్న సామెతలో పిల్లి పీడించేది. సంకేత వ్యాపారంలో పాత్రలు తారుమారై, అర్థాలతో చెలగాటం మనదవుతుంది.

సంకేతం ముందా, ప్రాణి ముందా

ఇది అలంకారిక వాక్యం మాత్రమే కాదనడానికి ప్రాచీన ఈజిప్టు నిదర్శనం. బాస్టెట్ దేవతకు పిల్లి పవిత్ర రూపం. ఆ దేవతకు అర్పించిన పిల్లుల మమ్మీలను ఎక్స్‌రే ద్వారా పరీక్షించినప్పుడు, వాటిలో చాలా వరకు చిన్నవయసులోనే మరణించినట్లు, కొన్నింటి మెడలు విరిచినట్లు తేలింది. అర్పణకోసమే వాటిని పెంచారని పరిశోధకులు భావిస్తున్నారు. దేవతకు గుర్తు కావడం పిల్లికి రక్షణ కాలేదు, అదే మరణకారణమైంది. సంకేతాన్ని ఆరాధించడమూ ప్రాణిని గౌరవించడమూ వేర్వేరని ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేము.

చిత్రకారుని కుంచె ఏ పిల్లినీ చంపదు కదా అన్న ఆక్షేపం సహజం. అది కొంతవరకు సమంజసమే. కాని చూపు కూడా అలవాటే. ప్రతి ప్రాణినీ మన అంతరంగానికి అద్దంగా చదవడం అలవాటైన మనస్సుకు, తనకు అర్థమివ్వని ప్రాణి కంటికానదు. 'ఇది దేనికి సంకేతం?' అన్న ప్రశ్న ఒక్కటే చాలుననుకోవడం ఆ అలవాటుకు మొదటి మెట్టు.

ముగింపు

మొదటి ప్రశ్నకు సమాధానం: నిశ్చలత స్వయంగా ధ్యానానికీ దంభానికీ ప్రమాణం కాదు. దాని ఫలితాన్ని అనుభవించేవారు ఎవరో చూడాలి. ఎలుకలను తొలగించిన అమూర్త చిత్రం ఈ పరీక్షకు నిలవాలంటే, క్లే చిత్రంలో వలె, తన కోరికను ఏదో రూపంలో లోపలే వెల్లడించాలి. రెండవ ప్రశ్నకు సమాధానం: తీర్పు చెప్పే అర్హత చూపరికి ఉంది, కాని దుర్యోధనుడూ ఈ కథే చెప్పాడన్న ఎరుకతో చెప్పాలి. మూడవ ప్రశ్నకు సమాధానం: రుణం ఉంది. ఆధ్యాత్మికార్థం చెప్పిన తరువాత కూడా చిత్రంలో ఆ అర్థానికి లొంగని పిల్లితనం కొంత మిగలాలి. అది మిగిలినచోట సంకేతం ప్రాణిని, తల్లి కూనను మోసినట్లు, గాయపరచకుండా మోస్తుంది. మిగలనిచోట అదే నోరు వేటనోరవుతుంది. సాహిత్యంలో ప్రతీకలను వ్యాఖ్యానించే మనకూ ఈ ప్రమాణం వర్తిస్తుంది.