అసలు ఇంజను

తుప్పుపట్టి నేలకొరిగిన పాతకారులోని ఇంజనును పైకి తీసి మరల నడిపింపవచ్చునా యని అడిగినచో మేస్త్రీలు సులభముగా సమాధానము చెప్పుదురు. నడిచిన పిమ్మట దానిని ఏ పేరున అమ్మవలెనను ప్రశ్న అంత సులభమైనది కాదు.

1961లో ఇంగ్లండునందలి జాగ్వార్ కంపెనీవారు జెనీవా ప్రదర్శనమున 'ఇ-టైప్' అను స్పోర్ట్సు కారును వెలువరించిరి. దాని ఒడలు పలుచని ఉక్కురేకులది; చెమ్మకు అడుగురేకులు ముందుగా తినివేయబడును. ఆరు సిలిండర్ల బ్లాకు పోత ఇనుము గనుక నిలుచును. అయినను ఏండ్లతరబడి కదలనిచో పిస్టన్లు సిలిండర్ల గోడలను పట్టుకొనిపోవును. అప్పుడు బలము పనికిరాదు. ప్లగ్గుల రంధ్రములలో పలుచని నూనె పోసి, దినములతరబడి నాననిచ్చి, క్రాంకుషాఫ్టును వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనుకకు కదలింతురు. (ఓర్పులేనివాడు ఇచ్చటనే రింగులు విరుగగొట్టుకొనును.) ఊడివచ్చిన పిదప బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయుదురు, బేరింగులు, గొలుసులు, సీళ్లు క్రొత్తవే. తుదకు మిగులునది బ్లాకు, దానిపై పంచి కొట్టిన నంబరు.

ఆ నంబరుకే వెల. కారు పలకమీది ఇంజను నంబరును, బ్లాకుమీది నంబరును ఒక్కటైనచో కొనువారు హెచ్చుధర ఇత్తురు. ప్రలోభమిక్కడ. బ్లాకు పగిలినప్పుడు అదే రకపు వేరొక బ్లాకు తెచ్చి, దాని అంకెలు అరుగదీసి, పాత అంకెలు కొట్టువారు కలరు. పరుగులో భేదము లేనప్పుడు కొన్నవానికి నష్టమేమని వారి వాదము.

1929, 1930 సంవత్సరములలో లె మాన్స్ పందెము గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' అను బెంట్లీ కారునుగూర్చి 1990లో లండను హైకోర్టులో వ్యాజ్యము నడచినది. బేరము కోటి పౌండ్లది. కాలక్రమమున భాగములు మారి 1929 నాటివి బహు కొద్దిగా మిగిలినవి. కావున ఇది ఆ కారు కాదని కొనువారి పక్షము. దానిని తొలినాటి రూపముననున్న కారనరాదు గాని, చరిత్ర తెగలేదు గనుక ఓల్డ్ నంబర్ వన్ అదియేనని న్యాయమూర్తి తీర్పుచెప్పెను. పర్యాయములు మారినను ద్రవ్యము నిలుచునని ఎరిగినవారికి ఈ తీర్పు వింతగా తోచదు.

అయితే అంకెలు మార్చినవానికి ఈ తీర్పు అండ కాజాలదు. "బ్లాకు పాతది, పిస్టన్లు క్రొత్తవి" అని అమ్మువాడు రెండు దృష్టులను కొనువాని ముందుంచుచున్నాడు. అంకెలు మార్చినవాడు ఒకదానిని దాచుటకే రెండవదానిని చూపుచున్నాడు. ఒకదానికి మారుగా దానిని పోలినదానిని అంటగట్టు ప్రతిరూపక వ్యవహారమును తత్త్వార్థసూత్రము అసత్యము క్రింద గాక, అచౌర్యవ్రతపు అతిచారములలో చేర్చినది. కల్తీనేయి కొన్నవాడు వంటయింటనే కనుగొనవచ్చును. ఈ బ్లాకు కొన్నవాడు తెలియకయే మరియొకనికి అమ్మును, ఆ మరియొకడు ఇంకొకనికి.

ఇంతకంటె చిక్కైనది తుప్పు తిని అంకెలు మాసిపోయిన నిజమైన బ్లాకు. యజమాని అవే అంకెలను మరల కొట్టించినచో అంకె సత్యమే, పోటుమాత్రము నేటిది. కొట్టింపక, మాసినచోటును అట్లేయుంచి, "నంబరు కానరాదు" అని చీటీలో వ్రాసి అమ్మినచో ధర పడిపోవును. ఆ నష్టమును భరించి అమ్మినవారును లేకపోలేదు.