పై అరలో పానకం సీసా

మొన్న పొద్దున్నే కాఫీ కలుపుదామని వంటింట్లోకి వెళ్ళానా, సింకులో ఒక చెంచా కనిపించింది. రాత్రి అంట్లన్నీ కడిగి బోర్లించి, గట్టు తుడిచి, దీపం ఆర్పి పడుకున్నదాన్ని నేనే. మరి ఈ చెంచా ఎక్కడిది? దాని అంచున కొంచెం జిగురు, ఆ జిగురు చుట్టూ నాలుగు చీమలు. చీమలకి సాక్ష్యం చెప్పడం రాదు గానీ దారి చూపించడం వచ్చు. ఆ బారు సింకులోంచి గోడెక్కి, పై అరలో మినప్పప్పు డబ్బా వెనకాల దాచిన చెరుకుపానకం సీసా దాకా పోయింది.

ఇంట్లో వున్నది ముగ్గురం. మావారు, నేను, సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలు. మనవరాలికి పానకం పడదు. దానికి కావలసిందల్లా సీసాలో వచ్చే ఆ చాకొలెట్ ముద్ద. మావారు పది గంటలకి పడుకున్నారంటే పాలవాడు వచ్చేదాకా లేవరు. డిటెక్టివు నవలలు చదివే అలవాటున్న వాళ్ళకి ఈపాటికి తెలిసిపోయే వుంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ చెంచా నాదే.

నాకు షుగరని తేలి ఆరేళ్ళయింది. అన్నం సగానికి సగం తగ్గించాను. కాఫీలో పంచదార మానేశాను. సాయంత్రాలు నడుస్తున్నాను. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి ముందు పరీక్ష తప్పుతానేమోనన్న పిల్లలా కూచుంటాను. ఇన్ని చేసిన మనిషినీ, రాత్రి పదకొండున్నరకి దీపమైనా వెయ్యకుండా, ఈ వయసులో స్టూలెక్కి, సీసా దింపి, నిలబడే గబగబా ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. అంత సాహసం చేస్తే ఏమయిందో తెలుసా? రుచే తెలియలేదు! చెవులు మావారి గురక మీద, కళ్ళు తలుపు మీద. నాలుక పాపం ఒంటరిదైపోయింది. దొంగతనమైతే చేశాను గానీ దొంగిలించిన వస్తువు మాత్రం నాకు దక్కలేదు.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. తీపి తినడం తప్పా? దాచుకుని తినడం తప్పా? తిని, తినలేదన్నట్టు చెంచా కడిగేసుకోవడం తప్పా? (అదీ చెయ్యలేదు లెండి, నిద్ర ముంచుకొచ్చింది.)

మా పుట్టిల్లు నందిగామ, అత్తవారిల్లు జగ్గయ్యపేట. రెంటికీ మధ్య అటూ ఇటూగా ముప్పై కిలోమీటర్లు. 2022లో మాది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, చిరునామా రాయబోతే నా చెయ్యి ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే రాస్తుంది. కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్ళు కాలవలూ వరిచేలూ అనుకుంటారు. మాది మెట్ట. పత్తి, మిరప, కంది. కారానికి మాకెప్పుడూ కరువు లేదు, తీపి మాత్రం దిగుమతి సరుకే. చెరుకు చూడాలంటే వుయ్యూరు వైపు వెళ్ళాలి. మా మేనత్తది ఆ వైపు వూరు. బెల్లం వండే రోజుల్లో, పాకం ముదిరి అచ్చులో పొయ్యడానికి ముందే కొంత దింపించి, డబ్బాకి పోయించి, మూతకి గుడ్డ కట్టి బస్సులో పంపేది. ఆ డబ్బా రాకే మాకు రెండో సంక్రాంతి.

ఆ ఆదివారం మా అమ్మ ఇనప మూకుడులో దిబ్బరొట్టె వేసేది. మూకుడు మీద మూత, మూత మీద నిప్పులు. రొట్టె అడుగున ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా వుండేది. ముక్కలు కోసి, గరిటెతో పానకం ఎత్తి తీగలా జారవిడిచేది. ఆ తీగ తెగేలోపల ఎంత పడితే అంతే. 'ఇంకాస్త వెయ్యమ్మా' అంటే, 'వుగాది దాకా రావొద్దూ?' అనేది. అంతే, ఎవరూ అలిగేవాళ్ళం కాదు. ఆ ముక్కనే అంచుల నుంచి మొదలుపెట్టి, బాగా తడిసిన నడిమి భాగాన్ని ఆఖరికి దాచుకుని, అరగంట తినేవాళ్ళం.

మా అమ్మది గొప్ప నిగ్రహమనీ, మాకూ అదే నేర్పిందనీ చాలాకాలం నలుగురికీ చెప్పుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, ఆ నిగ్రహం మా అమ్మదీ కాదు, మాదీ కాదు. డబ్బా అడుగుది. ఎంత తినాలో డబ్బాయే చెప్పేది. ఇప్పుడు డబ్బాకి అడుగు లేదు. జగ్గయ్యపేట బజార్లో ఏ నెలలో అడిగినా పానకం సీసా, జాము సీసా, తేనె సీసా వరసగా నిలబడి వుంటాయి. అప్పుడు లేమి చేసిపెట్టిన పనిని ఇప్పుడు ఎవరికి వాళ్ళం మనసుతో చేసుకోవాలి. మనకి ఆ పని ఎవరూ నేర్పలేదు. నేర్పవలసిన అవసరం అంతకుముందు వాళ్ళకెప్పుడు పడింది గనుక!

మనవరాలి చాకొలెట్ ముద్ద సంగతీ అంతేనట. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఇటలీలో కోకోకి కటకట వచ్చింది. ఆల్బా అనే వూళ్ళో ఫెరెరో అనే మిఠాయి వ్యాపారి, కోకో కాస్త వేసి, ఆ చుట్టుపక్కల విరివిగా పండే హేజెల్ నట్ గింజల పొడి దండిగా కలిపి, 1946లో ఓ ముద్ద తయారుచేశాడు. అదే మారుతూ మారుతూ 1964లో నుటెల్లా అన్న పేరుతో బయటికొచ్చింది. లేమిలో పుట్టిన పిల్ల కలిమిలో ఎలా పెరిగిందో చూడాలంటే సీసా వెనక చీటీ చదవండి. ఏది ఎక్కువ వుంటే దాని పేరు ముందు రాయాలి గదా, మొదటి పేరు చక్కెర. బరువులో సగానికి పైన అదే.

ఈ మాట మనవరాలికి కాస్త దర్జాగానే చెప్పాను. అది తల ఎత్తకుండా, "మరి నీ పానకంలో ఏముంది, నానమ్మా?" అంది.

ఏముంటుంది? దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. మిగిలింది చాలావరకు నీళ్ళు. కాస్త ఇనుమూ అవీ వుంటే వుండవచ్చు గాక, ఇనుము కోసం పానకం తాగడమంటే నిద్ర కోసం సినిమాకి పోవడం లాంటిది. 'పంచదార కాదు గదండీ, బెల్లమే గదా' అనుకుంటూ మనలో ఎంతమందిమి షుగరు మాత్రల పక్కనే బెల్లంముక్క పెట్టుకుంటున్నాం! బెల్లమయినా, తేనె అయినా నెత్తురులో పడ్డాక ఆ మర్యాదలేవీ వుండవు. పైనుంచి కలుపుకునే చక్కెరలు రోజుకి 25 గ్రాములకి, అంటే ఆరు చిన్న చెంచాలకి మించకపోతే మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అదీ ఆరోగ్యంగా వున్నవాళ్ళ మాట. దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైమాటే అని 2023లో వచ్చిన పెద్ద సర్వే లెక్క. ఆ పది కోట్లలో నేనొకతెను. నాలాగే రాత్రిపూట స్టూలెక్కేవాళ్ళు ఎంతమందో ఆ సర్వేవాళ్ళు అడిగినట్టు లేదు.

అన్నట్టు, మా జగ్గయ్యపేటలో ధనంబోడు అని ఓ దిబ్బ వుంది. ఒకప్పుడు అక్కడ బౌద్ధ స్తూపం వుండేది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వించి చూశాడు. అందులో దొరికిన పలక ఒకటి మద్రాసు మ్యూజియంలో వుంది. ఓ చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే, మేఘాల్లోంచి నాణేలు వానలా కురుస్తూ వుంటాయి. ఆయన మాంధాత అని చెబుతారు. కథ ప్రకారం ఆ మహారాజుకి భూమి చాలలేదు, స్వర్గానికి వెళ్ళాడు. ఇంద్రుడు సగం సింహాసనం ఇచ్చాడు. కొన్నాళ్ళకి ఆ సగమూ చాలక, మిగతా సగం మీద కన్ను పడింది. అంతే, దబ్బున భూమ్మీద పడి, తృప్తి ఎరగకుండానే చచ్చిపోయాడు. రెండు వేల ఏళ్ళ కిందటే మా వూళ్ళో రాతి మీద చెక్కి పెట్టారండీ ఈ సంగతి. మేము మాత్రం ఆ దిబ్బకి ధనంబోడు అని పేరు పెట్టుకున్నాం!

అయితే ఆ బౌద్ధుల దగ్గరే రెండో కథ కూడా వుంది. సిద్ధార్థుడు ఎముకల గూడయ్యేదాకా పస్తులుండి, అదీ దారి కాదని తెలుసుకుని, సుజాత పెట్టిన పాయసం తిన్నాడు. ఆ తరవాతే జ్ఞానం కలిగింది. ఆయన మళ్ళీ తిండికి దిగాడని తెలిసి, వెంట వున్న అయిదుగురూ చీదరించుకుని వెళ్ళిపోయారట. నాకు ఈ కథలో సుజాత కంటే ఆ అయిదుగురే ఎక్కువ గుర్తుంటారు. ఎందుకంటే, ఒకప్పుడు నేనూ ఆ జట్టులో దాన్నే.

మా అత్తగారికి డెబ్భై దాటాక షుగరు బయటపడింది. కాలి మీద పుండు లేచి మానలేదు. 'నిర్లక్ష్యం చేస్తే వేలు తియ్యవలసి వస్తుంది' అన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రమే పానకం సీసా, బెల్లం డబ్బా గోడ అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. ఆదివారం రొట్టె వాసన తగలగానే ఆవిడ మంచం మీంచి పిలిచేది. "అమ్మాయ్, వేలికొసంత పానకం వెయ్యవూ?"

"పుండు మానేదాకా వీల్లేదు, అత్తయ్యా."

ఆవిడ పట్టుబట్టే మనిషి కాదు. ఊరుకునేది. ఊరుకుని, నేను బజారుకి వెళ్ళినప్పుడు పక్కింటికి వెళ్ళి అడిగి తినేది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత కనిపెట్టుకుని చేస్తుంటే! పేరంటానికి వచ్చిన నలుగురి ముందూ ఆవిణ్ణి చూపించి, 'మా అత్తగారు దొంగతిండి నేర్చారండీ' అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. పేరంటాళ్ళు వెళ్ళాక, తాంబూలం పళ్ళెం సర్దుతూ, మెల్లిగా అంది. "తాళం వేశావని కాదమ్మాయ్. అది నా మంచికే. నలుగురిలో అన్నావు చూడూ."

పుండు మానింది. మరుసటి ఏడు పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో తిరుపతమ్మ తల్లి గుడి చుట్టూ తన కాళ్ళ మీద తను తిరిగింది. కనక ఆ తాళం తప్పని ఎవరైనా అంటే నేనొప్పుకోను, ఇవాళ్టికీ ఒప్పుకోను. కానీ ఆఖరి రోజుల్లో డాక్టరుగారే 'ఇంక ఏది అడిగితే అది పెట్టండి' అన్నప్పుడు, నేను చిన్న గిన్నెలో పానకం తీసుకెళ్ళి చెంచాతో నోటికి అందించాను. ఆవిడ కాసేపు నోట్లో వుంచుకుని, "తీపి తెలియటల్లేదమ్మాయ్, నువ్వు తినెయ్యి" అంది. ఆ గిన్నె ఏం చేశానో నాకు గుర్తులేదు.

కనిపెట్టుకుని వుండడం అంటాం మనం. ఆ మాటలో రెండూ వున్నాయి. పసిపిల్లని కనిపెట్టుకునీ వుంటాం, దొంగనీ కనిపెడతాం. మా అత్తగారి విషయంలో ఒకటి ఎక్కడ అయిపోయి రెండోది ఎక్కడ మొదలయిందో నాకు ఆనాడు తెలియలేదు. మొన్నటి రాత్రి నన్ను నేనే కనిపెడుతూ, నాకు నేనే దొరక్కుండా దాక్కుంటూ వుంటే కొంచెం తెలిసినట్టనిపించింది.

గాంధీగారు 1915లో అహ్మదాబాదులో ఆశ్రమం పెట్టినప్పుడు నియమాల్లో అస్వాద వ్రతం ఒకటి చేర్చారు. రుచి కోసం కాకుండా, మందు పుచ్చుకున్నట్టు తినాలి అని. మహానుభావుడు, ఆయనకి చెల్లింది. నావల్ల కాదు. పైగా నా అనుభవం తిరగబడి వుంది. రుచి తెలియకుండా మింగిన చెంచాకి రెండో చెంచా కావాలనిపించింది. అరగంట తిన్న ఆ చిన్నప్పటి ముక్కకి రెండో ముక్క తోచేది కాదు. రుచి చూస్తే ఆశ పెరుగుతుందంటారు గానీ, నా మటుకు నాకు, చూడకపోతేనే పెరిగింది.

కిందటిసారి రక్తం కాగితంతో వెళ్ళినప్పుడు, సిగ్గు విడిచి, స్టూలు సంగతితో సహా అంతా డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన నవ్వలేదు. లెక్క వేసి, ఆదివారం రొట్టె తిన్న పూట అన్నం మానెయ్యమన్నారు. పానకం ఒక్క చిన్న చెంచా, అదీ రొట్టెతో కలిపి, వారానికి ఒక్కసారి. చెంచా నిండుగా అంటే గోపురం కట్టినట్టు కాదని కూడా చెప్పారు. ఆయనకి ఇంట్లో ఎవరో వున్నట్టున్నారు నాలాంటివాళ్ళు.

ఇంటికొచ్చి సీసా పై అర నుంచి దింపి, బల్ల మీద ఉప్పుగిన్నె పక్కన పెట్టేశాను. అందరికీ కనిపించేట్టు. మొన్న ఆదివారం దిబ్బరొట్టె వేశాను, నిప్పుల మూత లేదు గానీ బాగానే వచ్చింది. ముగ్గురం కూచున్నాం. మనవరాలు తన ముద్ద తను రాసుకుంది, నేను నా తీగ నేను పోసుకున్నాను. అంచుల నుంచి మొదలుపెట్టాను. "అంత స్లోగా తింటావేంటి నానమ్మా, చల్లారిపోదూ?" అంది అది. చల్లారితే చల్లారనీ అన్నాను.

ఇది జరిగి నాలుగు రోజులయింది. నిన్న పొద్దున కాఫీకి లేచేసరికి సింకులో మళ్ళీ ఓ చెంచా. అంచున జిగురు, చుట్టూ చీమలు. ఈసారి మాత్రం నాది కాదు, ఒట్టు. మనవరాలు ఇంకా ముసుగు తన్ని పడుకుని వుంది. వరండాలో మావారు పేపరు ఎన్నడూ లేనంత శ్రద్ధగా, మార్కెట్ ధరల పేజీతో సహా చదువుతున్నారు. ఆయన కిందటి నెల చేయించుకున్న పరీక్షలో చక్కెర అంచు మీద వుంది.

చెంచా కడిగి బోర్లించాను. కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ, "ఈ ఆదివారం రొట్టె మీక్కూడా పెద్ద ముక్కే వేస్తాను లెండి" అన్నాను. పేపరు కాస్త కిందికి దిగింది.