తక్కువ చెప్పిన అంచనా

పట్టణములకు పోయి వచ్చు మనవారు చెప్పు మాటలలో ఒకటి యెప్పుడును మారదు. "వేసిన రోడ్డునే మరల త్రవ్వుచున్నారండీ!" తారు ఆరకమునుపే నీళ్లగొట్టము కొరకు ఒక శాఖవారు, మురుగుకాలువ కొరకు ఇంకొక శాఖవారు, తీగెల కొరకు మరియొకరు వచ్చి గోతులు తీయుదురు. దుకాణదారుడు దుమ్ముకు తాళలేక తలుపు ఓరగా వేసికొని కూర్చుండును. కొనవచ్చినవాడు గోయి దాటలేక ప్రక్కవీధికి పోవును. కడపట లెక్క చూచినప్పుడు మొదట చెప్పిన సొమ్ము ఒకటి, అయిన సొమ్ము వేరొకటి. దీనికి విసుగు పడనివారెవరు? అయితే, ప్రియ చదువరులారా, ఈ నెల మేము ఆ విసుగును గూర్చి వ్రాయదలచలేదు. ఆ విసుగు క్రింద ఒక ప్రశ్న దాగియున్నది. అది పట్టణమువారి ప్రశ్నయే కాదు, పల్లెలో గుడి కట్టుకొనుచున్న మన ప్రశ్న కూడ. మంచి పని యెట్లైనను మొదలు కావలెనని తలంచి, దాని ఖర్చు తక్కువచేసి చెప్పుట అబద్ధమగునా, కాదా?

లెక్కలన్నియు బహిరంగమైన ఒక పట్టణపు కథను తీసికొని దీనిని ఆలోచింతము. ఎడింబరో స్కాట్లండు దేశపు రాజధాని. మన సంఘములకు ఆ పేరు క్రొత్త కాదు. 1910లో ప్రపంచ మిషనెరీ మహాసభ కూడినది అక్కడనే. అటుపిమ్మట రెండేండ్లకు దోర్నకలు బిషపు అయిన అజరయ్యగారు, మిషనెరీలు దేశీయులను స్నేహితులుగా చూడవలెనని ఆ సభకు వచ్చినవారి ముఖముననే చెప్పిరి. ఆ సభ కూడిన మందిరము ఒక మిట్టమీద నున్నది. మిట్ట దిగగానే వచ్చు పెద్ద బజారు పేరు ప్రిన్సెస్ స్ట్రీటు. ఒక ప్రక్క దుకాణములు, ఒక ప్రక్క తోటలు, తోటల కావల కొండమీద పాతకోట. ఆ పట్టణములో పూర్వము ట్రాము బండ్లు నడచెడివి. 1956లో వాటిని తీసివేసిరి. అర్ధశతాబ్దము గడవకమునుపే అవి మరల కావలెనని నగరసభవారు పూనుకొనిరి. కార్లు, బస్సులు క్రిక్కిరిసిన వీధులలో విద్యుత్తుతో నడచు బండి మంచిదే. పని మంచిదన్న విషయములో మాకు వాదము లేదు.

2003లో ప్రభుత్వము దీనికి 37 కోట్ల 50 లక్షల పౌండ్లు ఇచ్చెదమనెను. 2008లో గుత్తదారులతో ఒడంబడిక జరుగునప్పటికి కేటాయించిన సొమ్ము 54 కోట్ల 50 లక్షలు. అందులో 50 కోట్లు ప్రభుత్వముది, మిగిలినది పట్టణమువారిది. విమానాశ్రయము నుండి సముద్రపు ఒడ్డుననున్న న్యూహేవెను వరకు పట్టాలు వేసి 2011లో బండ్లు నడిపించెదమని చెప్పిరి. పట్టాలు వేయకమునుపు వీధి క్రిందనున్న నీళ్లగొట్టములు, గ్యాసు గొట్టములు, తీగెలు ప్రక్కకు జరుపవలెను. త్రవ్వినకొలది పటములలో లేనివి బయటపడెను. పెరిగిన ఖర్చు ఎవరు భరించవలెనని, నగరసభ పెట్టిన కంపెనీకిని గుత్తదారులకును తగవు పుట్టెను. 2009లో ప్రిన్సెస్ స్ట్రీటు పని మొదలు కావలసిన సమయమునకే నిలిచిపోయెను. తరువాత ఆ వీధిని నెలల తరబడి మూసి పట్టాలు వేసిరి. పట్టాల ప్రక్కన రోడ్డు చెడిపోగా, 2011లో మరల మూసి మరల వేసిరి. 2014 మే 31న మొదటి బండి జనులను ఎక్కించుకొనినప్పటికి ఖర్చు 77 కోట్ల 60 లక్షల పౌండ్లని లెక్క చెప్పిరి. దారి మాత్రము సముద్రము చేరలేదు. 14 కిలోమీటర్లు వచ్చి పట్టణము నడుమనే ఆగిపోయెను.

ఇట్లెందుకు జరిగినదో విచారించుటకు లార్డ్ హార్డీ అను న్యాయాధిపతిని ఆ సంవత్సరమే నియమించిరి. ఆ విచారణకే తొమ్మిదేండ్లు పట్టెను, దానికే 1 కోటి 30 లక్షల పౌండ్లు అయ్యెను. (విచారణ ఆలస్యమును విచారించుటకు ఇంకొకరిని నియమింపలేదు గనుక సరిపోయినది.) 2023 సెప్టెంబరులో వెలువడిన నివేదిక, అసలు ఖర్చు 83 కోట్ల 57 లక్షలని తేల్చెను. నగరసభ మీదను, దాని కంపెనీ మీదను, స్కాట్లండు మంత్రుల మీదను తప్పు మోపెను. ఓటు వేయవలసిన సభ్యులకు సరియైన సమాచారము అందలేదని చెప్పెను. తెలిసి తెలిసి అబద్ధపు నివేదికలు సభ్యులకిచ్చువారిని శిక్షించుటకు చట్టము ఆలోచింపవలెనని సిఫారసు కూడ చేసెను.

ఇక్కడ మనము న్యాయముగా మాటలాడవలెను. భూమిలో నేమున్నదో త్రవ్వకమునుపు ఎవరికి తెలియును? ఆ పట్టణమునకు ఆనుకొనియున్న లీత్ రేవులో, పాత దేవాలయము ప్రక్కన రోడ్డు త్రవ్వగా వందల సంవత్సరముల నాటి సమాధులు బయటపడెను. వందలకొలది మానవుల ఎముకలను గౌరవముతో పైకి తీయవలసివచ్చెను. అట్టిదానికి ఆలస్యమైనదని ఎవరిని నిందింతుము? తెలియకపోవుట పాపము కాదు. అయితే మన యూళ్లలో బావి త్రవ్వు ఒడ్డెవానిని చూడుడి. "అయ్యా, మన్ను అయితే గజమునకు ఇంత, రాయి పడితే ఇంత" అని గునపము పట్టకమునుపే చెప్పును. రాయి పడునో పడదో వానికిని తెలియదు. తనకు తెలియని సంగతి యున్నదని మాత్రము వానికి తెలియును, దానిని దాచడు. చదువు లేని ఆ మనిషి చెప్పు రెండవ ధర, పెద్ద పెద్ద కాగితములలో కనబడదేమని మా ప్రశ్న.

కనబడకపోవుటకు కారణమును వెదకినవారు లేకపోలేదు. డెన్మార్కు దేశపు పండితుడు బెంట్ ఫ్లూబ్యెర్గ్, తోటివారిద్దరితో కలిసి, ఇరువది దేశములలోని రోడ్లు, వంతెనలు, రైలుదారులు మొదలైన 258 పనుల లెక్కలు పరిశోధించి 2002లో ప్రకటించెను. పదింట తొమ్మిది పనులలో అంచనా తక్కువగానే యుండెను. సగటున రోడ్లకు నూటికి 20 వంతులు, రైలుదారులకు నూటికి 45 వంతులు అసలు ఖర్చు హెచ్చెను. డెబ్బది సంవత్సరముల లెక్కలు చూచినను ఈ అలవాటు తగ్గలేదు. ఇది పొరపాటా, అబద్ధమా అను ప్రశ్ననే ఆ వ్యాసమునకు పేరుగా పెట్టిరి. వట్టి పొరపాటైనయెడల కొన్నిమారులు ఎక్కువకు, కొన్నిమారులు తక్కువకు తప్పవలెను గదా! పది తూకములలో తొమ్మిది దుకాణదారుని వైపే మొగ్గు తక్కెడను చూచి, "పాపము, చేయి వణికినది" అని మన సంతలో ఎవరైన అందురా? ఆ పండితులును అనలేదు. పని మంజూరు కావలెననియే తక్కువ చెప్పుచున్నారని తేల్చిరి.

దీనికి ఎదుటివారు చెప్పు జవాబు తేలికైనది కాదు. నిజమైన ఖర్చు ముందే చెప్పినయెడల ఏ సభయు ఒప్పుకొనదు, ఏ వంతెనయు లేవదు, పిల్లల కాలమునకు ఏమియు మిగలదు అని వారందురు. కట్టిన పిమ్మట జనులే సంతోషముగా వాడుకొందురు, తిట్టినవారే మొదటి బండి ఎక్కుదురు అనియు అందురు. ఇందులో సత్యమున్నది. ఎడింబరోలోను ట్రాములు ఖాళీగా తిరుగుటలేదు. అయినను ఈ వాదమును మేము ఒప్పుకొనజాలము. ఏలయనగా ఖర్చు తక్కువ చెప్పినవాడు తన సొమ్ము పణముగా పెట్టలేదు. పొరుగువాని సొమ్మును, పొరుగువాని నిర్ణయమును వాని యొద్దనుండి అడుగకుండ తీసికొనెను. అదే సొమ్ముతో ఏ బడి, ఏ ఆస్పత్రి ముందు కావలెనో ఎంచుకొను హక్కు పన్ను కట్టువానిది. వానికి నిజము చెప్పనప్పుడు, వాని ఓటు ఓటు కాదు.

పైగా ఆ భారము అందరిమీద సమానముగా పడదు. లీత్ వాక్ అను పొడవైన వీధిలో చిన్న చిన్న దుకాణములు కలవు. మొదటిసారి గొట్టములు జరుపుటకు వారి వీధిని త్రవ్విరి. దుమ్ము, అడ్డుగోడలు, తగ్గిన బేరములు అన్నియు వారు సహించిరి. సొమ్ము అయిపోయినందున దారి వారి వీధికి రాకమునుపే ఆగిపోయెను. గోతులు పూడ్చిరి. శ్రమ వారిది, ట్రాము లేదు. 2019లో మిగిలిన దారి పూర్తిచేయుదమని అదే వీధిని మరల త్రవ్విరి! లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన గోపురము కట్టువాని సంగతి మనకు తెలిసినదే. పునాది వేసి ముగింపలేనివానిని చూచువారు నవ్వుదురు. నవ్వు కట్టించినవానికి తగులును. పునాది ప్రక్కన దుకాణము పెట్టుకొనినవానికి నవ్వు రాదు.

అయితే రెండవసారి జరిగినది గమనింపదగినది. మిగిలిన దారికి మొదట అనుకొనిన సొమ్ము 16 కోట్ల 50 లక్షల పౌండ్లు. ఓటు వేయకమునుపే లెక్కలు తిరుగవేసి, అనుకోని ఖర్చులకును దుకాణదారులకు చేయవలసిన సహాయమునకును కొంత కలిపి, 20 కోట్ల 70 లక్షలగునని చెప్పిరి. ఆ పెద్ద మొత్తమును చూచియే 2019 మార్చిలో నగరసభ ఒప్పుకొనెను. ఒక్కొక్క భాగమును ఒక్కసారియే త్రవ్వెదమనిరి. నడుమ కరోనా వ్యాధి వచ్చినను 2023 జూన్ 7న బండ్లు న్యూహేవెను చేరెను. సొమ్ము చెప్పినదానికి మించలేదు. లోపములు లేవని కాదు. సైకిళ్ల కొరకు వేసిన బాట ఒకచోట పాము వలె వంకరలు పోయినదని జనులు నవ్విరి. కాని పెద్ద మొత్తము చెప్పినయెడల ఏ పనియు మొదలు కాదన్నవారికి, అదే పట్టణములో, అదే వీధిలో జవాబు దొరకెను.

రాజులు రెండవ గ్రంథము 12వ అధ్యాయమును ఈ సందర్భమున నిదానముగా చదువవలెనని కోరుచున్నాము. యోవాషు రాజు ఏలుబడిలో మందిరపు మరమ్మతునకు సొమ్ము వసూలగుచుండెను. ఇరువది మూడవ సంవత్సరము వచ్చినను పని కాలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జము చేయించి బలిపీఠము దగ్గర ఉంచెను. సొమ్ము నిండినప్పుడు రాజు మనిషియు ప్రధాన యాజకుడును ఇద్దరును కలిసి లెక్కించిరి. ఈ అధ్యాయములోనే పనివారికి సొమ్ము ఇచ్చినవారిని లెక్క అడుగలేదని ఒక మాట యున్నది. మన సంఘములలో లెక్క అడిగిన యౌవనస్థుల నోరు మూయించుటకు కొందరు పెద్దలు ఆ ఒక్క వచనమునే చూపుట మేము ఎరుగుదుము. వారు నమ్మకస్థులని అందరికి తెలిసినందున అడుగలేదని ఆ వచనమే చెప్పుచున్నది. అంతకుముందు జరిగిన లెక్కింపును వదలి, ఈ వచనమును మాత్రము చదువుట న్యాయమా?

మన పల్లెలలో సగము లేచి నిలిచిపోయిన గుడిగోడలు ఎన్ని యున్నవో చదువరులకు తెలియును. పైన ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఆకాశమువైపు చూచుచుండును. "రెండు లక్షలు చాలును" అని సభలో చెప్పినప్పుడు, అయిదు లక్షలు కాకుండ కప్పు పడదని మేస్త్రి ముందే చెప్పియుండవచ్చును. "ముందు పునాది వేయుదము, తరువాత దేవుడే చూచుకొనును" అనుటలో విశ్వాసమెంతయో, సంఘము బెదరిపోవునన్న భయమెంతయో, పలికినవారే తమలో తాము తూచుకొనవలెను. సొమ్ము లేకుండ పని మొదలుపెట్టుట ఒకటి, సొమ్ము ఎంత కావలెనో దాచి మొదలుపెట్టుట వేరొకటి. మొదటిది కొన్నిమారులు విశ్వాసము కావచ్చును. మేకను అమ్మి ఆ సొమ్ము కొంగున మూటగట్టి తెచ్చిన విధవరాలు, కప్పు కొరకు ఇచ్చుచున్నాననుకొని ఇచ్చును. అది పునాదిలోనే చెల్లిపోయినదని, కప్పునకు మరియొక మేక కావలెనని ఆమె యింటికి పోయి చెప్పువారెవరు?